బొమ్మలో జరపని మనిషి

ఎవరెట్ స్ప్రాగ్ మీద నా కోపం అతను బొమ్మలు వేసుకుని బతుకుతాడని కాదు. ఎవరి కూడు వాళ్లది. ఉన్నదాన్ని ఉన్నచోట ఉండనివ్వడు, అదీ నా కోపం. ఇరవై ఒక్క ఏళ్ల కిందట ఒక వేసవి మొత్తం మా డాగ్‌టూత్ కోవ్ ఇసుకలో స్టాండు పాతుకుని కూర్చున్నాడు. మా గదుల నీడన కూర్చున్నాడు, మా నీళ్లు తాగాడు, మా ఆవిడ హెప్సీ పాలు పోసి కాచిన గుల్లల చారు గిన్నెలకి గిన్నెలు లాగించాడు. కళ్లెదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు దించడానికి ఆయనకి అంత తిండీ చాలలేదు.

పోయిన వారం ఈ కథ మధ్యలో మీరు నన్ను విడిచిపెట్టేసరికి నేను టౌన్ హాల్లో నిలబడి ఉన్నాను. బోస్టన్ నుంచి రైల్లో దిగిన చెక్కపెట్టె మూత కింద కానిస్టేబులు గునపం దూర్చి ఎత్తుతున్నాడు. ఆ పెట్టెలో ఉన్నది స్ప్రాగ్ ఆ వేసవిలో వేసిన బొమ్మ.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మా ఇసుకలో పెద్ద బూడిదరంగు రాయి ఒకటుంది. ఈనిన ఆడపంది పడుకున్నట్టుంటుంది కనక అందరూ పందిబండ అంటారు. బండకి పడమర క్రాన్‌షా వాళ్ల హోటలు. తూర్పున మా ఇల్లు. ఇంటికీ బండకీ మధ్య మా నాన్న ఎబెన్ లఫ్కిన్ కట్టిన చెక్కగదులు, బోస్టన్ జనం సముద్రస్నానానికి వచ్చినప్పుడు బట్టలు మార్చుకునేవి. మూడు నెలలు ఆ గదులు మాకు పెట్టిన తిండే తొమ్మిది నెలలు తినేవాళ్లం. పెద్ద క్రాన్‌షా పోయాక హోటలు కొడుకు రస్సెల్ చేతికొచ్చింది. వాడికి కార్లు నిలబెట్టే చోటు కావాలి. నా గదులున్న నేల తన దస్తావేజులో ఉందని భూముల కోర్టుకెక్కాడు. మాకు దస్తావేజు లేదు. మా నాన్నకి కాగితం మీద నమ్మకం ఉండేది కాదు. నన్ను కూడా పదకొండో ఏట బళ్లోంచి లాగి పడవెక్కించాడు.

అయితే మా రాష్ట్రంలో ఒక పాత న్యాయం ఉంది. ఎవరినీ అడక్కుండా, ఎవరికీ దాక్కోకుండా ఇరవై ఏళ్లు ఒక నేల మీద ఉన్నవాడిదే ఆ నేల. అడిగి ఉంటే మాత్రం వందేళ్లున్నా కాదు. మేం ఎవరినీ అడగలేదు. గదులు ఇరవై ఏళ్లకి ముందే బండకి తూర్పున ఉన్నాయని చూపిస్తే నేను గట్టెక్కుతాను. చెప్పడానికి ఇద్దరు ముసలాళ్లుండేవారు. ఒకాయన చర్చి వెనక మట్టిలో ఉన్నాడు. రెండో ఆయన కెప్టెన్ టార్. కూతురింట్లో కుర్చీలో కూర్చుని, ఇప్పటికీ న్యూఫౌండ్‌లాండ్ దగ్గర చేపలు పడుతున్నాననుకుంటున్నాడు. వెళ్లి పలకరిస్తే, "ఒరే, ఆ చుక్కాని సరిగ్గా పట్టుకో," అన్నాడు నాతో.

అప్పుడు నాకీ బొమ్మ గుర్తొచ్చింది. నా లాయరు టప్పర్ వద్దంటే వద్దన్నాడు. "ముందు మాట్లాడకుండా సాక్షిని పిలవకూడదు ఓబెడ్, అది మనిషైనా సరే, బొమ్మైనా సరే," అన్నాడు. నేనే మొండికేశాను. మనిషి మర్చిపోతాడు, బొమ్మ మర్చిపోదు అన్నాను. ఆ బొమ్మని భోజనాల గదిలో పెట్టుకున్న బోస్టన్ వితంతువుకి రాయించిందీ నేనే.

మూత లేచింది. గడ్డి తీశారు. దుప్పటి విప్పి బల్లకి ఆనించి నిలబెట్టారు.

హాల్లో దీపం వెలిగించినట్టయింది. ఆ మాట కాదనను. ఇసుక గులాబీరంగు. సముద్రం ఒకచోట పచ్చ, ఒకచోట ఊదా, మధ్యలో నారింజ మరకలు, ఎందుకో ఆయనకే తెలియాలి. ఎర్ర గొడుగులు, పసుపు గొడుగులు, గాలికి ఎగిరే జెండాలు, నీళ్లలో మోకాళ్లదాకా దిగిన పిల్లలు. ఆడవాళ్లకి మొహాలున్నాయి కానీ మొహాల్లో కళ్లూ ముక్కులూ లేవు. హెప్సీ పాతగుడ్డల ముక్కలు పక్కపక్కన పెట్టి కుట్టే బొంతలా ఉంది మొత్తం.

"ఈయనకి ఆ వేసవి ఎండదెబ్బ తగిలిందల్లే ఉంది," అన్నాడు కానిస్టేబులు గునపం కింద పెడుతూ.

జనం నవ్వారు. నేను నవ్వలేదు. నా కళ్లు పందిబండ కోసం వెతుకుతున్నాయి. దొరికింది. ఊదారంగులో ఉంది కానీ అదే. బండకి కుడివైపు, అంటే తూర్పున, చూశాను. ఖాళీ ఇసుక. ఇసుకలో ఒక తెల్లకుక్క.

నా గదులు ఎడంవైపు ఉన్నాయి. బండకి పడమర. హోటలు ఒళ్లో.

గులాబీరంగు వేశాడు వాటికి. మా నాన్న జీవితంలో ఒక్క బకెట్ రంగు కొన్న పాపాన పోలేదు.

క్రాన్‌షా లాయరు గిల్‌క్రిస్ట్ పొడుగ్గా, పలచగా ఉంటాడు, గొంతు మాత్రం పెంచిన పిల్లిలా మెత్తన. లేచి, కోటు సర్దుకుని, "ఎదుటివారు తెచ్చిన ఈ సాక్ష్యానికి మాకెలాంటి అభ్యంతరమూ లేదండి," అన్నాడు భూముల కోర్టు పంపిన విచారణాధికారితో. "పైగా కృతజ్ఞతలు."

రస్సెల్ క్రాన్‌షా తలెత్తి పైకప్పు చూస్తున్నాడు. నవ్వు ఆపుకునేవాడు అలాగే చూస్తాడు. వాడు చెడ్డీల్లో తిరిగే రోజుల్లో నా పడవలో ఎక్కించుకుని తిప్పాను వాణ్ని.

విచారణాధికారి గొంతునొప్పి మాత్ర చప్పరిస్తూ బొమ్మని అటునుంచీ ఇటునుంచీ చూశాడు. భోజనం తర్వాత చిత్రకారుణ్ని విచారిస్తానని లేచాడు. టప్పర్ నా వైపు చూడలేదు. చూసి ఏమన్నా అనుంటే బాగుండేది.

స్ప్రాగ్ వెనక బెంచీలోంచి లేచి నేరుగా బొమ్మ దగ్గరికొచ్చాడు. అరవై దాటాయి ఆయనకి. మీసం తెల్లబడింది, గడ్డిటోపీ మాత్రం అప్పటిదే అనుకుంటాను. బొమ్మకి ఇంత దూరంలో మొహం పెట్టి చాలాసేపు చూశాడు. తప్పు తెలిసొచ్చింది కాబోలు అనుకున్నాను.

"ఈ మూల ఊదా ఎక్కువైంది," అన్నాడు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగే మనిషి ఎలా ఉంటాడో నాకు ఆ రోజే తెలిసింది. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. టౌన్ హాలు నుంచి మా ఇసుకకి ఒక వీధే. దారిపొడుగునా నేను తల దించుకుని నడిచాను. ఆయన మాత్రం పడవల రంగులు చూసుకుంటూ, టోపీ ఎత్తి అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ వచ్చాడు.

ఇసుక దగ్గర రస్సెల్ కట్టించిన తాడు ఉంది. పొడి ఇసుక తనదంటూ జూన్‌లో కట్టించాడు. తాడు దాటితే హోటలు కాపలావాడు ఈలేస్తాడు. ఇక మిగిలింది తడి ఇసుక, పోటుకి మునిగి ఆటుకి తేలే నేల. మా దగ్గర ఒడ్డు ఎవరిదో తడినేలా వాళ్లదే. కానీ పూర్వం పెట్టిన చట్టం ఒకటి ఇంకా బతికుంది. చేపలు పట్టుకోవడానికి ఎవడైనా ఆ తడినేల మీద నడవొచ్చు. స్నానానికి నడవకూడదు. అందుకని తాడు కట్టిన ఆ వేసవంతా నా గదులకొచ్చే ఆడవాళ్లు స్నానం బట్టల్లో, రబ్బరు టోపీల్లో, భుజాన తలా ఒక గాలపు కర్రతో వచ్చేవారు. కర్రలు నేనే ఇచ్చేవాణ్ని. గాలాలుండేవి కావు, కాళ్లకి గుచ్చుకుంటాయని తీసేశాను.

ఆ మధ్యాహ్నం కూడా ఓ ఏడెనిమిది మంది వరసగా వస్తున్నారు. కాపలావాడు తాడు ఇవతల నిలబడి అరిచాడు. "ఏం పడుతున్నారమ్మా?"

"అది నాకూ చేపకీ మధ్య సంగతి," అంది ముందున్న లావుపాటి ఆవిడ. బోస్టన్‌లో పంతులమ్మ.

స్ప్రాగ్ ఆగిపోయాడు. "ఓబెడ్," అన్నాడు నా మోచెయ్యి పట్టుకుని, "ఆ ఎరుపు చూడు. దాని పక్కన ఆ కర్రల గీతలు చూడు. నేనిక్కడ లేకుండా ఇన్నేళ్లు ఎందుకున్నాను?"

"అది అందం కోసం కాదండీ. ఆ తాడు వల్ల."

"దేనివల్లయితేనేం."

తిట్టడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే హెప్సీ తువ్వాళ్ల బల్ల దగ్గర్నుంచి మమ్మల్ని చూసింది. శనివారం, జనం రోజు. గదులు వదిలి హాలుకి రావడానికి కుదర్లేదు దానికి.

"ఏం స్ప్రాగ్ గారూ, చిక్కిపోయారు. బోస్టన్‌లో తిండి పెట్టడం లేదా?"

"హెప్సీ. నీ చారు లాంటిది మళ్లీ ఎక్కడా..."

"ఉంది, పొయ్యి మీదే ఉంది." నా మొహం చూసింది. బొమ్మలో ఏముందో అడగలేదు, నా మొహంలో చదువుకుంది. "ముందు తినండి. తర్వాత ఈయన తిడతాడు, అవీ విందురుగాని. ఖాళీ కడుపుతో తిట్లు తినకూడదు."

ఆయన గది మెట్టు మీద కూర్చుని తిన్నాడు. నేను తినలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా నిలబడి, అప్పుడు లేపి పందిబండ ముందుకి తీసుకెళ్లాను.

"నా గదులు ఎక్కడున్నాయి?"

చూశాడు. "అక్కడ."

"అక్కడంటే?"

"బండకి కుడిపక్క."

"మీ బొమ్మలో?"

"ఎడంపక్క."

"ఎందుకండీ?"

గడ్డి పచ్చగా ఎందుకుందని అడిగినవాణ్ని చూసినట్టు చూశాడు నన్ను. "నీ గదులు బూడిదరంగు ఓబెడ్. బండా బూడిదే. రెండూ ఒకవైపు పెడితే ఆ పక్కంతా చచ్చి ఊరుకుంటుంది."

"ఇప్పుడు చచ్చేది నేను."

"అందుకని అటు జరిపాను. జరిపి గులాబీ వేశాను. అప్పుడు నిలబడింది."

"ఏది నిలబడింది?"

"బొమ్మ."

"నా గదులు పడిపోయాయి కదండీ. మీకు అక్కడ గులాబీ కావాలంటే హోటలుకే వేసుకోవచ్చుగా. అదంత పెద్దది. ఎన్ని బకెట్లు పోసినా పడుతుంది."

"హోటలు బాగోదు. అందుకే తీసేశాను. నువ్వు చూడలేదా? బొమ్మలో హోటలే లేదు."

నిజమే. నేను గమనించలేదు. మూడంతస్తుల హోటలు, నలభై కిటికీలు, ఊళ్లో ఎక్కణ్నించి చూసినా కళ్లల్లో పొడుచుకునేది. దాన్ని ఎత్తి సముద్రంలో పారేశాడు ఈయన. ఒక్క క్షణం నాకు ఆయన మీద ప్రేమలాంటిదేదో కలిగింది. వెంటనే పోయింది.

"ఈ మాట హాల్లో చెబుతారా? గదులు బండకి తూర్పున ఉండేవి, నేనే జరిపాను అని?"

"ఎందుకు చెప్పను? దాచుకోవడానికేముంది? ప్రతి బొమ్మలోనూ జరుపుతాను. కొండలు జరిపాను. వెనిస్‌లో ఒక చర్చి జరిపాను."

"చర్చి సంగతి ఎత్తకండి. గదుల సంగతి చాలు."

"సరే."

"గట్టిగా చెప్పాలి. ఆ గిల్‌క్రిస్ట్ అడ్డప్రశ్నలేస్తాడు."

"వెయ్యనీ." టోపీ తీసి నెత్తి తుడుచుకున్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు. "నిన్ను మాత్రం జరపలేదు, తెలుసా?"

"నన్నా?"

"ఆ బొమ్మలో నువ్వున్నావుగా. నీలం చొక్కా. మిగతావాళ్లందరూ ఊహే, ఇక్కడ ఒకరి గొడుగు, అక్కడ ఒకరి భుజం, అతికించుకున్నాను. నిన్ను మాత్రం చూసి వేశాను. రోజూ పొద్దున్నే నా ముందునించే నడిచేవాడివి. నీ నడకకి ఏమీ చెయ్యక్కర్లేకపోయింది."

మనిషి ఎంత పిచ్చివాడో చూడండి. కొంప మునిగే వేళ ఆ మాట నాకు మంచినీళ్లు తాగినట్టనిపించింది. ముప్పై దాటిన వయసులో, నడుం నొప్పి లేని రోజుల్లో నన్నొకడు చూసి అలాగే ఉంచాడు. బోస్టన్‌లో ఎవరింట్లోనో భోజనాలు చేసేవాళ్లు నన్ను చూస్తూ మాంసం కోసుకుంటున్నారు. దాంతోపాటు బుర్రలో ఇంకొకటి తోచింది. గదులు ఉన్నాయనడమే కాదు, గదులవాడు కూడా అక్కడే ఉన్నాడని రుజువయితే ఇంకా గట్టి కదా.

"అదీ చెప్పండి," అన్నాను. "వాళ్లు అడక్కపోయినా సరే, చెప్పండి. ఓబెడ్ లఫ్కిన్ ఆ నేల మీద ఉన్నాడని."

"చెబుతాను," అన్నాడు. సంతోషంగానే అన్నాడు పాపం.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. గులాబీ గదుల కబురు ఊరంతా పాకింది. హోటల్లో గిన్నెలు తోమేవాళ్ల దగ్గర్నుంచి చర్చిలో గంట కొట్టే అతనిదాకా అందరూ వచ్చారు. స్ప్రాగ్ బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేసి కుర్చీలో కూర్చున్నాడు. టప్పర్ అడిగాడు.

"ఈ గదుల్ని మీరు చూసిన చోటే వేశారా?"

"లేదండి. జరిపాను."

"ఎటునుంచి?"

"ఆ రాయికి కుడిపక్కనుంచి. తూర్పునుంచి. అక్కడే ఉండేవి, వరసగా. మధ్యాహ్నం దాటాక వాటి నీడ ఇసుక మీదికొచ్చేది. ఆ నీడలోకి స్టాండు జరుపుకునేవాణ్ని."

"నిస్సందేహంగా?"

"నెత్తి మాడితే నీడెక్కడుందో మర్చిపోతామాండీ?"

జనం నవ్వారు. విచారణాధికారి కూడా మాత్ర ఇటు దవడ నుంచి అటు దవడకి మార్చుకుని కొంచెం నవ్వాడు, నవ్వి రాసుకున్నాడు. రస్సెల్ పైకప్పు చూడ్డం మానేసి తన లాయరు వీపు చూస్తున్నాడు. టప్పర్ వచ్చి నా పక్కన కూర్చుని బల్లకింద నా మోకాలు నొక్కాడు. ఆయన నన్ను తాకడం అదే మొదలు. ఆ ఒక్క నిమిషం నేల నాది. గదులు నావి. తాడు కోసెయ్యడానికి ఏ కత్తి వాడాలో కూడా అనుకున్నాను.

స్ప్రాగ్ లేవబోయి ఆగాడు. "ఇంకోటుందండి. ఓబెడ్ కూడా ఉన్నాడు ఈ బొమ్మలో. చెప్పమన్నాడు."

మళ్లీ నవ్వారు. గిల్‌క్రిస్ట్ నవ్వలేదు. నెమ్మదిగా లేచాడు.

"చెప్పమన్నారా? మంచిది. ఎక్కడున్నారో చూపిస్తారా?"

స్ప్రాగ్ బొమ్మ దగ్గరికెళ్లి వేలు పెట్టాడు. తెల్లకుక్కకి ఇవతల, గొడుగుల మధ్యలోంచి, నీలం మరక. దగ్గరగా చూస్తే చొక్కా. ఒక భుజం కొంచెం కిందికి దిగి ఉంది. నేనే. మా నాన్న కూడా అలాగే నడిచేవాడు.

"ఈయన్ని కూడా జరిపారా?"

"లేదు. ఈ బొమ్మలో నేను జరపని మనిషి ఇతనొక్కడే."

"అంటే నిజంగా ఇక్కడ, ఇలాగే నడిచేవారన్నమాట. ఈ భుజం ఎందుకిలా వంగింది?"

"చేతిలో బకెట్ ఉంది కదండీ. ఇదిగో, ఈ పసుపు. బరువు."

"బకెట్లో ఏముంది?"

"కానగంత చేపలు. వేసవి తొలి కానగంతలు."

"ఎటు వెళ్తున్నారు?"

"హోటలు వంటింటి గుమ్మానికి. హోటలు నేను వెయ్యలేదు. కానీ అది ఇటే ఉండేది."

టప్పర్ లేచి ఏదో అనబోయాడు. విచారణాధికారి చెయ్యి ఎత్తాడు. "మీ సాక్షే కదండీ. చెప్పనివ్వండి."

"ఆ బకెట్ ఎందుకు తీసుకెళ్తున్నారో మీకు తెలుసా?" అన్నాడు గిల్‌క్రిస్ట్. ఆ మెత్తని గొంతు ఇంకా మెత్తబడింది.

"తెలుసు. నేనడిగాను." స్ప్రాగ్ మొహం వెలిగిపోతోంది. మంచి సంగతి చెబుతున్నాననుకుంటున్నాడు, మా గురించి గొప్ప చెబుతున్నాననుకుంటున్నాడు. "ఎవరికయ్యా అన్నాను. పెద్ద క్రాన్‌షా గారింటికి అన్నాడు. దేనికి అన్నాను. 'మేమున్న నేలకి,' అన్నాడు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. అందుకే వేశాను అతన్ని."

విచారణాధికారి ఆ మాట రాసుకున్నాడు.

అది మా ఊరి పద్ధతి. ఎవరి గట్టు మీదుగా పడవ ఈడ్చుకుంటామో, ఎవరి ఇసుక పక్కన వల ఆరేసుకుంటామో, ఏటా తొలి పట్టులో ఒక బకెట్ వాళ్ల గుమ్మంలో పెట్టొస్తాం. అవతలివాళ్లు చలికాలం రాగానే ఒక టర్కీ కోడో, బుట్టెడు ఆపిల్ పళ్లో పంపుతారు. అద్దె కాదు, శిస్తు కాదు. ముందు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. "మేమున్న నేలకి" అనేది మా నాన్న మాట. భోజనానికి ముందు ప్రార్థన చదివినట్టు బకెట్ ఎత్తుతూ ఆ మాట అనేవాడు. ఆయన అన్నాడు కనక నేనూ అన్నాను. దాని అర్థమేమిటని నేనెప్పుడూ ఆలోచించలేదు. ప్రార్థనలో ప్రతి మాటా ఎవడు ఆలోచిస్తాడు?

నేను లేచాను. "అయ్యా, అది మర్యాదండీ."

"కూర్చోండి లఫ్కిన్ గారూ."

"ఊళ్లో ఎవర్నయినా అడగండి. అందరం పెడతాం. అది మర్యాద."

వెనక్కి తిరిగి బెంచీల వైపు చూశాను. తొలి బకెట్ పెట్టని ఇల్లు ఆ హాల్లో ఒక్కటి లేదు. గంట కొట్టే అతను టోపీ అంచు చూసుకుంటున్నాడు. హోటల్లో గిన్నెలు తోమే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సగంమంది కూతుళ్లు రస్సెల్ దగ్గర పనిచేస్తారు. మిగతా సగం ఎవరో ఒకరి గట్టు మీదుగానే పడవలు ఈడుస్తారు. ఎవరూ నోరెత్తలేదు.

విచారణాధికారి మాత్ర చప్పరించడం ఆపాడు. కోపం లేదు ఆయన గొంతులో. అదే ఇంకా కష్టం. "నేను అడుగుతాను, మీరు చెప్పండి. ప్రతి ఏడూ పెట్టేవారా?"

"మా నాన్న పెట్టేవాడు. ఆయన తర్వాత నేను."

"ఎప్పుడు మానేశారు?"

"పెద్దాయన పోయాక. ఈ రస్సెల్‌కి చేప వాసన పడదు."

ఎవరో నవ్వబోయి మింగేశారు.

"అంటే పెద్ద క్రాన్‌షా గారు బతికున్నన్నాళ్లూ, ఆ నేల మీద ఉన్నందుకు మీరు ఆయనకి ఇస్తూ వచ్చారు. ఆయన ఉండనిస్తూ వచ్చారు."

"ఉండనివ్వడమేంటండీ, మేం అడిగితే కదా. అడగలేదు. మా నాన్న కూడా ఎన్నడూ అడగలేదు."

"అడగలేదు. ఇచ్చారు." కలం తీశాడు. "అడక్కుండా ఉన్నవాడు ఎవరికీ ఏమీ ఇవ్వడు లఫ్కిన్ గారూ. చట్టానికి తెలిసింది అంతే."

నాకు అరవాలనిపించింది. ఎవడి గుమ్మం తొక్కకుండా, దొంగలా కాలు పాతుకుని కూర్చున్నవాడిది నేల. పొరుగువాడి గుమ్మంలో నాలుగు చేపలు పెట్టినవాడిది కాదు. మా నాన్న కొంచెం చెడ్డవాడై ఉంటే, కొంచెం పిసినారి అయి ఉంటే, నేనీ రోజు ఆ హాల్లోంచి భూస్వామినై బయటికొచ్చేవాణ్ని.

స్ప్రాగ్ కుర్చీ దిగి నా దగ్గరికొచ్చాడు. టోపీ రెండు చేతుల్తో పట్టుకున్నాడు. వెలుగు పోయింది ఆ మొహంలో.

"నేనేమైనా తప్పు చెప్పానా ఓబెడ్?"

ఏమనను? జీవితమంతా ఒక్కటీ ఉన్నచోట ఉంచని మనిషి నా దగ్గరికొచ్చేసరికి వెంట్రుకవాసి జరపలేదు.

"లేదు," అన్నాను. "ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు."

గిల్‌క్రిస్ట్ ఇంకా కూర్చోలేదు. అది చూసి టప్పర్ నా పక్కనుంచి కొంచెం అవతలికి జరిగాడు.

"ఒక్క మనవి," అన్నాడు గిల్‌క్రిస్ట్. "మేం వేసిన దావా గదులున్న స్థలం వరకే. కానీ సాక్షి విన్న మాట 'గదుల నేలకి' అని కాదు. 'మేమున్న నేలకి' అని. వీరి కుటుంబం ఉన్నది ఇంట్లో. ఆ ఇంటి నేలకి కూడా వీరి దగ్గర దస్తావేజు లేదు. మా దస్తావేజు రోడ్డుదాకా ఉంది. పెద్దాయన మర్యాదస్తులు కనక ఎన్నడూ అడగలేదు. దావా సవరించుకోవడానికి అనుమతి కోరుతున్నాం."

టప్పర్ లేచాడు. ముందుగా చెప్పకుండా ఇలా కుదరదన్నాడు, గడువు కావాలన్నాడు, ఇంకా ఏవేవో అన్నాడు. విచారణాధికారి మొత్తం విన్నాడు, తల ఊపాడు, గడువు రాసుకున్నాడు. ఇది తీర్పు కాదు, కోర్టుకి తాను పంపే సిఫార్సు మాత్రమే అన్నాడు. సవరణ మాత్రం ఒప్పుకున్నాడు. గుమాస్తా టైపు యంత్రంలో కొత్త కాగితం ఎక్కించాడు. విచారణాధికారి హద్దులు చదవడం మొదలుపెట్టాడు.

చేపలవాణ్ని నేను, లెక్కలవాణ్ని కాను. కానీ ఆ ఇసుక కొలత నా కాళ్లకి తెలుసు. పందిబండ తూర్పు అంచు నుంచి పోటు నీళ్లు తాకే గీత వెంట తూర్పుగా, అన్నాడు ఆయన. నా చివరి గది దాటగానే గీత మళ్లాలి. అక్కడ మళ్లుతుందని చెవులు రిక్కించి కూర్చున్నాను. మళ్లలేదు. హెప్సీ బట్టలారేసుకునే తాడు దాటింది, వంటింటి కిటికీ దాటింది, పడవల కొట్టం దాటింది. అప్పుడు దక్షిణానికి తిరిగి రోడ్డు దారి పట్టింది. యంత్రం టకటకలాడుతూనే ఉంది. ఆ టకటకలో నా చేతిలోంచి జారింది ఇంత: ఒడ్డు వెంట నూట అరవై అడుగులు, అక్కణ్నించి రోడ్డు దాకా మూడు వందల నలభై అడుగులు, మొత్తం ఎకరంబావు, దాని మీదున్న పన్నెండు గదులు, పడవల కొట్టం, ఇల్లు, ఆటుకి నీళ్లు ఎంత వెనక్కి పోతే అంతదాకా తడినేల.